శేషగిరి అండ్ సన్

మింగండి నాన్నా. ఉమ్మేస్తే ఎట్లా? ఈ ఆస్ట్రేలియా ఓల్డేజ్ హోమ్ వంటవాళ్ళకి పెరుగన్నం చేతకాదని పొద్దున్నే లేచి నేనే కలుపుకుని, స్టాన్‌థోర్ప్ నుంచి టూవూంబా దాకా కారేసుకుని వస్తే, చొక్కా మీద పోసుకుంటారా?

అమ్మ ఉంటే కోప్పడేది. అమ్మ లేదు కాబట్టి నేను కోప్పడుతున్నాను. మీరు తిరిగి ఒక్క మాటా అనలేరు. అయినా ఆ స్ట్రోకు వచ్చి మీ నోరు పడిపోయాకే కదా, మనిద్దరం ఇంతసేపు ఎదురెదురుగా కూర్చుంటున్నాం?

సరే, వినండి. మొన్న షెడ్డు మీద బోర్డు దింపించాను.

అవును, అదే. శేషగిరి అండ్ సన్. మీరు కెమిస్టు ఉద్యోగం వదిలేసి, ఆ ఇటాలియన్ ముసలాయన దగ్గర ద్రాక్షతోటా, బ్రాందీ కాచే రాగి బట్టీ కొన్నప్పుడు రాయించిన బోర్డు. అప్పటికి మీ సన్ భార్గవ్ ఇంకా ఉయ్యాల్లోనే ఉన్నాడు. ఎనిమిదేళ్ళ వైశాలిని, నేను, బల్ల దగ్గర నిలబడి సీసాలకి ఆ పేరే అంటిస్తున్నాను. వంకరగా అంటిస్తే మొట్టేవారు మీరు.

తెనాలిలో చుట్టాలెవరడిగినా అమ్మ ద్రాక్షతోట అనే చెప్పేది పాపం. అందులోంచి ఏం వస్తుందో చెప్పేది కాదు.

మనం చేసే స్పార్క్లింగ్ వైన్ అంటే జనానికి బుడగలు. నాకు మణికట్టు నొప్పి. స్కూల్ నుంచి రాగానే సెల్లార్‌లోకి దిగి, తలకిందులుగా గుచ్చిన సీసాల్ని ఒక్కోదాన్నీ కొంచెం కొంచెం తిప్పాలి, మడ్డంతా మూతి దగ్గరికి దిగేలా. చలికాలం వేళ్ళు కొంకర్లు పోయేవి. తమ్ముడు పైన కార్టూన్లు చూసేవాడు. వాడికి దగ్గొస్తుందని మీరే దిగనివ్వలేదు.

తర్వాత నేను యూనివర్సిటీలో వైన్ సైన్స్ చదివొచ్చాను. వాడు చదువు సగంలో వదిలేసి వచ్చాడు. తాళాలు వాడి చేతిలో పెట్టారు. ఎందుకని అడిగితే, "నువ్వు ఎప్పటికైనా ఇంకో ఇంటికి పోయేదానివి, వాడికి చెయ్యి తిరగాలి" అన్నారు.

పోలేదు కదా నాన్నా. ఎక్కడికీ పోలేదు.

ఆ ఏడు, సీసాల్లో రెండోసారి పులియడానికి పంచదార కలిపింది వాడే. ఎక్కువేస్తున్నావురా, గ్యాస్‌ని సీసాలు తట్టుకోలేవు అన్నాను. వాడు మీ మొహం చూశాడు. మీరు నా మొహం చూశారు. "మధ్యలో నీకెందుకు, వాణ్ణి చెయ్యనీ."

చేశాడు. ఎండాకాలం ఒకరోజు మొదటి సీసా పేలింది. దాని గాజు తగిలి పక్కది, దాని పక్కది. తుపాకులు కాలుస్తున్నారనుకున్నాను. మీరు పరుగెత్తుకుంటూ దిగి, ఆ వైన్‌లో, ఆ గాజుపెంకుల్లో అక్కడే స్ట్రోకొచ్చి కూలబడ్డారు. మీ సన్ మెట్ల మీద నిలబడి అక్కా, అక్కా అని అరుస్తున్నాడే గానీ ఒక్క మెట్టు దిగలేదు. మీ చంకల్లో చేతులేసి బయటికి ఈడ్చుకొచ్చింది నేను. ఇదిగో, మోచేతి మీద ఈ మచ్చ అప్పటిదే.

నెల తిరక్కుండా వాడు తన వాటా నా పేర రాసిచ్చి పెర్త్ వెళ్ళిపోయాడు. అక్కడ పియారా వాటర్స్‌లో ఇల్లు, ఏదో ఆఫీసులో ఉద్యోగం. బాగానే ఉన్నాడు లెండి.

ఏంటా చూపు? పీపా సంగతా? వాడు పుట్టిన ఏడు కాచి, వాడికి కొడుకు పుడితే తెరుద్దామని వెనక గదిలో దాచారే, ఆ బ్రాందీ. రుచి చూశాను. నిజం చెప్పొద్దూ, మీ చేతి మీదుగా వచ్చినవాటిలో అంత గొప్పది ఇంకోటి లేదు. నాలుక మీద చాలాసేపు నిలిచింది. క్రిస్మస్ పుడ్డింగులు చేసే కంపెనీకి అమ్మేశాను. పైన పోసి నిప్పంటిస్తారట.

ఏడవకండి. ఇటు తిరగండి, ముక్కు తుడుస్తాను. నర్సు అమృత, మన నెల్లూరమ్మాయి, ఇందాకే నాతో అంది. అంకుల్ అదృష్టవంతులు, ఆదివారం వచ్చిందంటే కూతురు తప్పకుండా వస్తుంది అని.

ఇంకో మాట. భార్గవ్ ఫోన్ చేస్తున్నాడు. తరచుగానే చేస్తాడు, మీకు చెప్పలేదు. కూతురు పుట్టిందట, అమ్మ పేరే పెట్టాడు, లీలావతి అని. పిల్లని మీ ఒళ్ళో పడుకోబెట్టి ఒక ఫొటో తీసుకుంటానని ఏడ్చాడు.

వద్దన్నాను. నాన్నకి మనుషులు గుర్తు లేరురా, నన్నే ఎవరమ్మా నువ్వన్నట్టు చూస్తున్నారు, వచ్చావంటే నీకే బాధ అన్నాను. నమ్మాడు. వెర్రివాడు, నా మాట వాడు నమ్మడం ఇదే మొదటిసారి.

మీకు అన్నీ గుర్తున్నాయి. నాకు తెలుసు. మర్చిపోయే మనిషికి ఇవన్నీ చెప్పడానికి ఇంత దూరం ఎందుకొస్తాను?