కుడి మోకాలు

(టైలరు దుకాణం. మధ్యాహ్నం మూడు గంటలు. ఎన్నికల్లో నిలబడ్డ పెద్దమనిషి బావమరిది, కుట్టడానికి కాక ఇంకో పనికి ఇచ్చిన ప్యాంటు తీసుకుపోవడానికి వచ్చాడు.)

"ఇదేంటి మాస్టారూ, ఒక్క మోకాలే అరిగింది?"

"ఏదీ, ఇలా వెలుగులోకి పట్టు... అవును. ఎడమది."

"అవునంటారేంటండీ అంత తాపీగా! మోకాళ్లు అరగ్గొట్టమని కదా ఇచ్చాను?"

"అరగ్గొట్టమన్నావు. ఎన్ని అని చెప్పలేదు."

"మనిషికి ఎన్ని ఉంటాయండీ!"

"అరవకు బాబూ, లోపల మా ఆవిడ ఉంది."

"ఎనిమిది రోజులు! కొత్త ప్యాంటు మీ చేతిలో పెట్టి ఎనిమిది రోజులైంది. గరుకు రాయితో రుద్దితే అరగంటలో అయ్యే పనికి..."

"రాయితో రుద్దితే రాయితో రుద్దినట్టే ఉంటుంది. పోగు తెగుతుందే గాని నలగదు. గుడ్డ అరగాలంటే లోపల మనిషుండాలి. ఈ మాట నీకు ముందే చెప్పాను. మీ బావ నడుమూ నా నడుమూ ఒకటే కాబట్టి నేనే తొడుక్కుంటానన్నాను. తొడుక్కున్నాను. ఎనిమిది రోజులూ దీంతోనే పని చేశాను."

"మరి?"

"మరేముంది, నా పని అలాంటిది. వచ్చినాయన నిలబడతాడు. నేను కింద కూర్చుని కాలి మడతకి గుండుసూదులు పెడతాను. అప్పుడు ఎడమ మోకాలు నేలకి ఆనుతుంది. కుడిది పైకుంటుంది, దాని మీద టేపు వేసుకుంటాను. ఏ టైలర్ని చూసినా అంతే."

"అంటే మా బావ టైలర్లాగా ప్రార్థన చేస్తాడా?"

"దేవుడికి కొలతలు తీస్తున్నాడనుకుంటారు."

"నవ్వకండి మాస్టారూ, నా ప్రాణం మీదికొచ్చింది. ఐదింటికి ఉమ్మడి సభ. పంతులమ్మా మా బావా ఒకే వేదిక మీద, ఎదురెదురు కుర్చీల్లో."

"పంతులమ్మంటే మీ బావ మీద పోటీకి నిలబడ్డావిడేనా?"

"ఆవిడే. పోయిన సభలో ఏమందో మీరు వినలేదా?"

"తలా ఒక రకంగా చెప్పారు. నువ్వు చెప్పు, వింటాను."

"మీకు సరదాగా ఉంది. 'రోజూ గంటసేపు మోకాళ్ల మీద ప్రార్థన చేసే పెద్దమనిషి ప్యాంటు చూడండి, ఇస్త్రీ మడత మోకాలి దగ్గర కత్తిలా నిలబడి ఉంది' అంది. అంతే. ఆ రోజు నుంచి జనం మా బావ మొహం చూడటం మానేశారు. నమస్కారం పెడుతూనే మోకాళ్ల వంక చూస్తున్నారు."

"గట్టి మనిషే."

"నలభై ఏళ్లు పిల్లల్ని మోకాళ్ల మీద నిలబెట్టింది మాస్టారూ. మోకాలు చూసి ఎన్ని నిమిషాలో చెప్పగలదు. నన్నూ నిలబెట్టింది, ఎక్కాలు రాలేదని."

"అసలు ఆ గంట మాట ఆవిడకి ఎవరు చెప్పారు?"

"కరపత్రంలో ఉంది."

"ఎవరు రాశారు?"

"ఎవరో ఒకరు రాస్తారు కదండీ."

"ఎవరో?"

"నేనే. 'తెల్లవారుజామున గంటసేపు మోకరించి ప్రార్థించనిదే మంచినీళ్లైనా ముట్టరు' అని రాశాను. చదివినవాళ్లంతా బాగుందన్నారు. మా బావ కూడా చదివి, 'బాగుంది, ఎవరి గురించీ?' అన్నాడు."

"ఇంతకీ ఆయన ప్రార్థన చేస్తాడా, చెయ్యడా?"

"చేస్తాడు."

"ఎప్పుడు?"

"అంటే... మనసులో."

"మనసుకి మోకాళ్లుండవు బాబూ."

"మీరు కూడా పంతులమ్మలా పట్టుకోకండి. నమ్మకం లేదని కాదు. నామినేషన్ వెయ్యడానికి వెళ్తున్నప్పుడు కారులో 'దేవుడా!' అన్నాడు. నా చెవులతో విన్నాను."

"ఉన్నట్టుండి అన్నాడా?"

"డ్రైవరు బ్రేకు వేసినప్పుడు."

"పదకొండేళ్లుగా మీ బావ బట్టలు నా చేతి మీదుగా పోతున్నాయి. గుడ్డంత చాడీకోరు ఇంకోటి లేదు. కుర్చీకి ఆనే చోట పల్చబడుతుంది. కుడి జేబు అంచు చిరుగుతుంది. చందా అడిగినప్పుడల్లా చెయ్యి అందులోకి పోయి ఉత్తినే తిరిగొస్తుంది కాబట్టి. మోకాళ్లు మాత్రం పసిపిల్లల బుగ్గల్లా ఉంటాయి."

"ఇదిగో, ఇలా మాట్లాడతారనే మీ దగ్గరికొచ్చాను. ఊళ్లో పదిమంది టైలర్లున్నారు. వాళ్లకి ఈ పని చెప్తే చెవులు మూసుకుంటారు. మీరైతే రోజూ టీకొట్టు దగ్గర కూర్చుని 'దేవుడనేవాడుంటే వచ్చి కొలతలిచ్చి పొమ్మను' అంటారు. పాపభయం లేని మనిషి ఒక్కడే ఉన్నాడని వెతుక్కుంటూ వచ్చాను."

"అదీ నిజమేలే."

"నలభై ఏళ్ల నాస్తికులు."

"ముప్పై ఎనిమిది. పెళ్లైన దగ్గర్నుంచి."

"పెళ్లికీ దానికీ ఏంటి సంబంధం?"

"ఆవిడ ఉన్నాడంటుంది. ఇంకెవరో ఒకరు లేడనాలి కదా. సంసారం."

"అది సరే. ఇప్పుడు నా గతేంటి? కాలు మీద కాలేసుకుని కూర్చోమంటే? అరిగిందొక్కటే పైకి కనిపిస్తుంది."

"భక్తుడు కాలు మీద కాలేసుకుంటాడా అని అడుగుతుంది ఆవిడ."

"అడుగుతుంది. తప్పకుండా అడుగుతుంది. ఆ కత్తెర నూరే రాయి ఇలా ఇవ్వండి."

"వద్దు."

"ఇవ్వండి మాస్టారూ. మెల్లిగా నాలుగు రుద్దులు... ఇదిగో, పైన నూగు పోతోంది... ఇదిగో, ఎడమదానిలాగే..."

"ఆపు."

"ఇంకొక్క రెండు..."

"ఆపమన్నానా!"

"అయ్యో."

"చూశావా, చిల్లు."

"అయ్యయ్యో! వేలు దూరుతోందండీ!"

"ఇప్పుడు ఎడమ మోకాలు టైలరుది, కుడి మోకాలు బిచ్చగాడిది."

"అయిపోయింది. మా బావ ఓడిపోతే ఓడిపోయింది మా బావ కాదు, నా కరపత్రం. మా అక్క నన్ను గుమ్మం తొక్కనివ్వదు. 'నా మొగుడు నోరు మూసుకుని రోడ్లు వేయిస్తానని చెప్పుకునేవాడు, నువ్వొచ్చి భక్తుణ్ని చేశావు' అంటుంది. ఉండండి, కాస్త మొహం కడుక్కుంటాను. నీళ్లు వెనక గదిలో ఉంటాయా?"

"అటు వెళ్లకు!"

"ఏం?"

"కాలు పెట్టే చోటు లేదు. కత్తిరించిన పీలికలన్నీ సంచిలో వెయ్యవే అంటే, మా ఆవిడ తీసుకెళ్లి సరిగ్గా ఆ కిటికీ కింద పరుస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. నీళ్లు ఇక్కడ కూజాలో ఉన్నాయి, తాగు."

"తలుపు వెనక వేలాడుతున్న ఆ ప్యాంటెవరిది?"

"ఏ ప్యాంటు?"

"అదే, బూడిదరంగుది. ఇది... ఇది మా బావ గుడ్డండీ!"

"బూడిదరంగు లోకంలో మీ బావ ఒక్కడికే ఉందా?"

"అంచున సన్నటి నీలం గీత. మా అక్క ఏరికోరి తెచ్చిన తాను ఇది. మూడో ప్యాంటుకి గుడ్డ రాలేదన్నారు కదా అప్పట్లో!"

"మీ బావకి రాలేదు. నాకొచ్చింది."

"ఔరా! అయినా ఇప్పుడు అది కాదు... రెండు మోకాళ్లూ! మాస్టారూ, రెండూ అరిగాయి! ఎంత సమంగా అరిగాయండీ, మెరుపు కూడా వచ్చింది. ఈ గుడ్డతో కుట్టిన ప్యాంటు మా బావ తొడుక్కోగా ఊరంతా చూసింది. నడుం ఒకటే. దేవుడున్నాడు మాస్టారూ! అదే, మీకు లేడనుకోండి. ఇచ్చెయ్యండి."

"ఇవ్వను."

"గుడ్డ సంగతి మా అక్కకి చెప్పన్లెండి."

"చెప్పుకో. ఇవ్వను."

"ఎందుకండీ?"

"అది నాది."

"మీదెలా అవుతుంది? గుడ్డ మా బావది."

"గుడ్డ మీ బావది. అరుగుదల నాది."

"అరుగుదలకి కూడా యజమానులుంటారా? మీరు మరీ... ఆగండాగండి. టైలరుకి ఎడమ మోకాలే నేలకి ఆనుతుందన్నారు కదా?"

"అన్నాను."

"ఏ టైలర్ని చూసినా అంతేనన్నారు."

"అన్నానయ్యా."

"మరి ఈ కుడిదేంటి?"

"సూది పడితే వెతుక్కుంటాను."

"రెండు మోకాళ్ల మీదా?"

"సన్నసూది."

"ఎన్నాళ్లు వెతికారండీ? గుడ్డలోంచి అవతలి వెలుతురు కనిపిస్తోంది."

"ఏం చెయ్యను, దొరకలేదు మరి."

"మాస్టారూ. వెనక గదిలోకి నన్నెందుకు వెళ్లొద్దన్నారు?"

"పీలికలని చెప్పాను కదా."

"కిటికీ కింద మీరు..."

"మెల్లిగా!"

"మీరు మోకాళ్ల మీద..."

"మెల్లిగా అన్నానా! విను, చెప్తాను, ముందు గొంతు తగ్గించు. ఆరేళ్ల కిందట మా ఆవిడకి ఆపరేషనైంది. ఇంట్లో ఎవరూ లేరు. ఎవరూ చూడరు కదా అని ఊరికే ఒకసారి... ఉంటే వాడు వింటాడు, లేకపోతే నా గొంతు నేను విన్నట్టవుతుంది, పోయేదేముంది అనుకున్నాను. పది రోజులకి ఆవిడ లేచి తిరిగింది. నేనే లేవలేకపోయాను."

"అంటే రోజూ?"

"పొద్దున్నే, ఆవిడ లేవక ముందు. గంటేం కాదు. మీ బావంత భక్తి నాకు లేదు."

"మరి టీకొట్టు దగ్గర ఆ మాటలన్నీ?"

"అవి టీకొట్టు దగ్గర మాటలు."

"ఆవిడకి చెప్పలేదా?"

"ముప్పై ఎనిమిదేళ్ల వాదన బాబూ! ఓడిపోయానని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను? రోజూ అన్నం దగ్గర గెలుస్తున్నాను. అదొక్కటీ పోతే ఇంట్లో ఇక మాట్లాడుకోడానికేం మిగులుతుంది?"

"అయితే మాస్టారూ, నా మాట వినండి. మీరు చేస్తూ చెయ్యనంటున్నారు. మా బావ చెయ్యకుండా చేస్తానంటున్నాడు. ప్యాంటొక్కటి చేతులు మారితే ఇద్దరి పరువూ నిలబడుతుంది."

"నీ కరపత్రం కూడా."

"అదీనూ. పంతులమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చూడనివ్వండి, ఇంచు ఇంచూ చూడనివ్వండి. ఇందులో దొంగతనం ఎక్కడుంది? నిజంగా అరిగిన మోకాళ్లే."

"ఆయనవి కావు, అంతే."

"ఎవరివని ఎవరడుగుతారు?"

"అడగరులే... అది ఇంట్లో ఉన్నన్నాళ్లూ నాకూ గుబులే. పారెయ్యడానికి చేతులు రాక అలా వేలాడదీశాను. తీసుకుపో. ఒక్క షరతు. ఈ మాట మా ఆవిడ చెవిన పడకూడదు."

"ఒట్టు. పంతులమ్మ నన్ను మళ్లీ మోకాళ్ల మీద నిలబెట్టినా చెప్పను."

"ఏమండీ, టీ. బాబూ, ఇదిగో, నువ్వూ తీసుకో. ఆ పాత ప్యాంటు ఇచ్చేస్తున్నారా? మంచి పని చేశారు."

"నువ్వెప్పుడొచ్చావే?"

"సన్నసూది పోయినప్పుడు."

"అక్కడ్నుంచీ... విన్నావా?"

"కొత్తగా వినడానికేముంది? దాని తర్వాత మీరు నాలుగు ప్యాంట్లు కుట్టుకున్నారు. నాలుగింటికీ ఎడమ మోకాలే అరిగింది. కుడిది ఎందుకు అరగలేదో ఎప్పుడైనా ఆలోచించారా?"

"అదా... ఈ మధ్య వచ్చే గుడ్డ మంచిది."

"గుడ్డ మంచిదట! వింటున్నావా బాబూ, కిటికీ కింద నేను రోజూ పీలికలు పరిచేది ఊరికేననుకుంటున్నారు ఈయన."