సన్‌వైజర్‌లో మూడు బటన్లు

అమెరికాలో కాపెల్ అనే ఊళ్ళో సెప్టెంబరు ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలు. చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, బుద్ధిమంతులందరూ కునుకు తీసే వేళ. ఇమ్మాన్యుయేల్‌కి మాత్రం చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటే నిద్ర రాదు, పక్కవాళ్ళని నిద్రపోనివ్వడు. గరాజ్‌లో ఉన్న పాత కామ్రీ కారుకి సన్‌వైజర్, అంటే ముందద్దం పైన ఎండకి అడ్డంగా దించుకునే పలక, మారుస్తున్నాడు. డ్రైవర్ సీట్లో సగం పడుకుని సగం వేలాడుతూ ఆయన, పక్క సీట్లో టార్చిలైటు పట్టుకుని ఆయన భార్య ప్రిస్సిల్లా. తెల్లారితే ఆవిడ పెళ్ళయ్యాక మొదటిసారి ఉద్యోగానికి వెళ్ళాలి. హైవే మీద, ఒక్కతే వెళ్ళాలని ఆవిడ పట్టుదల.

"లైటు ఇటు కాదు, ఇటు. నా కంట్లో కొడుతున్నావు."

"మీరే కన్ను అడ్డం పెడుతున్నారు. ఇంతకీ నేనడిగినదానికి చెప్పలేదు."

"ఏం అడిగావు?"

"రేపు నేనొక్కదాన్నే వెళ్తున్నానా, లేదా అని."

"ముందు ఈ వైరు సంగతి చూడనీ ప్రిస్సీ. ఇది మ్యాప్ లైట్ వైరు. దీన్నుంచి కరెంటు తీసి కొత్త వైజర్‌లోకి ఇచ్చామనుకో, అప్పుడు బటన్లకి..."

"ఏవండీ."

"ఊఁ."

"రేపు ఎనిమిదిన్నరకల్లా నేను ప్లేనోలో ఉండాలి."

"ఉంటావు. ఎవరు కాదన్నారు? నేను సెలవు పెట్టి పక్కన కూర్చుంటానంటున్నా, అంతే."

"మొదటిరోజు ఆఫీసుకి మొగుణ్ణి వెంటపెట్టుకుని వెళ్ళినదాన్ని ఎక్కడైనా చూశారా?"

"నేను లోపలికి రాను. పార్కింగ్ లాట్‌లోనే ఉంటా."

"తొమ్మిది గంటలూ?"

"ల్యాప్‌టాప్ తెచ్చుకుంటా."

"పులిహోర కూడా కట్టిస్తాను, చాప కూడా ఇస్తాను. బాగుంటుంది."

"ఎగతాళి ఎందుకు? టేపు ఇవ్వు. అది కాదు, నల్లది."

"ఇదిగో. అసలీ వైజర్ ఎక్కణ్ణుంచి తెప్పించారు?"

"ఒహాయో నుంచి. మన కారు బేస్ మోడల్ కదా, దీనికి ఉత్త వైజరే ఇచ్చాడు. పై మోడల్‌కి కంపెనీవాడే ఇలా బటన్లు పెట్టి ఇస్తాడు. మూడు బటన్లు చూడు, ఎంత నీట్‌గా ఉన్నాయో. ఒకటి నొక్కితే గరాజ్ తలుపు తెరుచుకుంటుంది."

"మిగతా రెండూ?"

"మిగతా రెండు... ఉంటాయి, పడి ఉంటాయి. అక్కడ ఒకతను ఈ వైజర్‌ని యాక్సిడెంట్ అయిన కార్‌లోంచి తీసి అమ్ముతున్నాడు."

"యాక్సిడెంట్ అయిన కార్‌లోదా?"

"వెనకనుంచి గుద్దారట. ముందు భాగానికి ఏం కాలేదు. అడిగే తీసుకున్నా."

"నా జాగ్రత్త కోసం, యాక్సిడెంట్ అయిన కార్‌లోది తెచ్చి నా నెత్తిమీద బిగిస్తున్నారు."

"అలా అనకు. పాత రిమోట్‌తో వచ్చిన చిక్కేంటో నీకు తెలీదు. దాన్ని క్లిప్పుతో తగిలిస్తాం కదా, బ్రేకేస్తే ఊడి కాళ్ళ దగ్గర పడుతుంది. నువ్వు దానికోసం వంగుతావు..."

"నేను వంగను."

"వంగుతావు. పోయిన వారం పెన్ను కోసం వంగావు."

"కారు ఆగి ఉంది అప్పుడు. కాస్ట్‌కో షాపు పార్కింగ్‌లో ఉన్నాం."

"వంగావా లేదా?"

"వంగాను. తప్పయిపోయింది. జూన్‌లో లైసెన్సు వచ్చింది నాకు. వచ్చిన వారమే, వెనక కెమెరా లేకుండా ఎలా అన్నారు. పెట్టించారు. తర్వాత అద్దాల మీద బుల్లి అద్దాలు. తర్వాత కిటికీ పగలగొట్టే సుత్తి."

"కారు నీళ్ళలో పడితే డోర్లు తెరుచుకోవు ప్రిస్సీ. అప్పుడు సుత్తే..."

"కాపెల్‌కీ ప్లేనోకీ మధ్యలో ఏ సముద్రం ఉందండీ?"

"లేక్ ఉంది."

"లేక్ పక్కనుంచి పోతాం, మధ్యలోంచి పోం. మొన్న మంటలార్పే సిలిండరు. ఇవాళ ఇది. ఎల్లుండికి పారాచూట్ వస్తుందేమో, ముందే చెప్పండి, చీర మీద ఎలా కట్టుకోవాలో చూసుకుంటాను."

"పాస్టర్ గారి చేత కారుకి ప్రార్థన చేయించింది మాత్రం నువ్వు."

"నేను నా ఉద్యోగం కోసం ప్రార్థన చేయమన్నాను. మీరు ఆయన చేత నాలుగు టైర్ల మీదా చేతులు వేయించారు. పాపం, ఆయన తెల్ల ప్యాంటు."

"స్టెప్నీ మర్చిపోయాం."

"అదొక్కటే తక్కువయింది."

"కదలకుండా పట్టుకో. ఇంకొక్క స్క్రూ."

"పట్టుకున్నాను. ఏవండీ, నాకు పనిచేసుకునే కార్డు రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. తొమ్మిదేళ్ళూ మీ వీసా వెనకాల డిపెండెంట్ అని రాసుకుంటూ కూర్చున్నాను. మే నెలలో రూలు మారింది, ఆగస్టులో కార్డు వచ్చింది, వెంటనే సాఫ్ట్‌వేర్ పరీక్షించే క్యూఏ జాబ్ వచ్చింది. అమెరికా గవర్నమెంటు సరే అంది. మా ఇంటాయనే ఇంకా అనట్లేదు."

"నేను వద్దన్నానా?"

"వద్దనలేదు. సరే అని కూడా అనలేదు. బటన్లు కొంటున్నారు."

"అదిగో, వెలిగింది. చూశావా? బటన్ పక్కన చిన్న లైటు."

"చూశాను."

"ఇప్పుడు పాత రిమోట్ దీనికి దగ్గరగా పెట్టి, దాని బటనూ దీని బటనూ ఒకేసారి నొక్కి పట్టుకో. లైటు గబగబా కొట్టుకునేదాకా వదలకు."

"కొట్టుకుంటోంది."

"అంటే ఇది దాని దగ్గర నేర్చుకుంది. ఇంక పైన గరాజ్ తలుపు మోటార్‌కి పరిచయం చెయ్యాలి. నేను నిచ్చెనెక్కి మోటార్ మీద లెర్న్ బటన్ నొక్కుతా. ముప్ఫై సెకన్లలో నువ్వు వైజర్ బటన్ రెండుసార్లు నొక్కాలి. కారు బయట డ్రైవ్‌వేలో పెట్టి, ఇంజన్ ఆపి నొక్కు. మెల్లగా తియ్యి. కెమెరా చూడు."

"చూస్తున్నాను."

"అద్దం కూడా చూడు."

"అన్నీ చూస్తున్నాను. మీరు నిచ్చెన చూసుకోండి."

"పెట్టావా? సరే. నొక్కుతున్నా. నొక్కాను. నొక్కే ఉంచాను."

"ఇంక వదలండి."

"వదిలితే పోతుందేమో."

"వదలండి, మోటార్‌తో వచ్చిన ఈ కాయితంలో రాశాడు."

"లైటు ఆరిపోయింది."

"అయిపోయింది."

"ఏమయిపోయింది?"

"ఆరు సెకన్లు దాటి నొక్కి పట్టుకుంటే మోటారు తనకి గుర్తున్న రిమోట్లన్నీ మర్చిపోతుందట. ఇందులో రెండో పేజీలో ఉంది."

"అన్నీనా?"

"మీ కారుది, నా కారుది, బయట గోడమీద నంబర్ల పెట్టె, అన్నీ."

"ముందే చెప్పొచ్చు కదా."

"వదలండి, వదలండి అని రెండుసార్లు చెప్పాను. వదిలారా? పదిహేనేళ్ళుగా ప్రోగ్రామింగ్ చేస్తున్నారు, ఈ కాయితం చదవడానికి ఏమొచ్చింది?"

"అది జావా. ఇది వేరు."

"మళ్ళీ నొక్కండి. ఒక్కసారి నొక్కి తీసెయ్యండి."

"నొక్కాను. తీశాను."

"నేనూ నొక్కాను. రెండుసార్లు. కదిలింది చూడండి, దిగుతోంది. చెయ్యి లోపలికి పెట్టుకోండి."

తలుపు మెల్లగా దిగి నేలకి ఆనింది. లోపల నిచ్చెన మీద ఇమ్మాన్యుయేల్, బయట కార్‌లో ప్రిస్సిల్లా. ఆయన జేబులో ఫోన్ మోగింది.

"పనిచేసింది ప్రిస్సీ. ఇంక తెరువు."

"తెరవను."

"లేవట్లేదా? గట్టిగా నొక్కు."

"బటన్ బాగానే ఉంది. నేనే నొక్కట్లేదు."

"ఎందుకు?"

"ఎదురుగా ఉంటే మీరు వైరు గురించీ టేపు గురించీ మాట్లాడతారు. ఇప్పుడు మధ్యలో తలుపుంది, ఒకరికొకరం కనపడం. నేను ఒక్కదాన్నే వెళ్తే మీకు ఏంటి భయం, చెప్పండి."

"ఇదేం పద్ధతి? గోడ మీద నాకూ బటన్ ఉంది. నేనే తెరుచుకుంటా."

"తెరుచుకోండి."

"తెరుస్తా."

"ఇంకా తెరుచుకోలేదే."

"లోపల ఉక్కగా ఉంది ప్రిస్సీ."

"చెప్పండి మరి, త్వరగా."

"ఏముంది చెప్పడానికి? నువ్వు బాగానే నడుపుతావు. హైవే మీదకి కలిసే చోట ట్రక్కు వస్తుంది. మనం చూస్తాం, వాడు చూడడు. మనం బ్రేకు మీద కాలేస్తాం. కారు మన మాట వినదు. తిరుగుతుంది. గబుక్కున కాదు, మెల్లగా, అలా తిరుగుతూనే ఉంటుంది. వెనక వస్తున్న కార్లన్నీ మనకి ఎదురుగా కనిపిస్తాయి. లైట్లు..."

"ఎప్పుడు జరిగిందండీ ఇది?"

"ఎప్పుడని కాదు. ఉదాహరణకి."

"ఎప్పుడు?"

"ఫిబ్రవరిలో. ఐస్ పడ్డ రోజు. ఎవరికీ ఏం కాలేదు, కారుకి గీత కూడా పడలేదు. హైవే మధ్య గోడకి రెండడుగుల ముందు ఆగింది. పది నిమిషాలు అలాగే కూర్చుని ఆఫీసుకి వెళ్ళిపోయా. మీటింగ్ ఉంది."

"నాకు చెప్పలేదు."

"చెప్తే నువ్వు కారు నేర్చుకునేదానివా?"

"తర్వాత?"

"తర్వాత హైవే ఎక్కలేదు. ఎక్కే దారి దాకా వెళ్తా, చేతులు చల్లబడిపోతాయి. పక్క రోడ్డులోకి తిప్పేస్తా. హెబ్రన్ రోడ్డు మీదుగా, సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ, గంట పైన పడుతోంది. ఇండియా టీమ్‌తో కాల్ ఉంది, అందుకే ఆరున్నరకే వెళ్తున్నా అంటున్నాను కదా నీతో. ఆ కాల్ అనేదే లేదు. నవ్వకు."

"నవ్వట్లేదండీ."

"నేను ఎక్కలేని రోడ్డు మీదకి నిన్నొక్కదాన్నీ పంపించి, నేను చిన్న రోడ్డులో వెళ్ళి సీట్లో కూర్చుని కాఫీ తాగాలి. ఎలా తాగను? కెమెరా పెడితే కొంచెం ధైర్యం వచ్చింది. సుత్తి కొంటే ఇంకొంచెం. నీకు కాదు, నాకు. సిగ్గుగా ఉంది ప్రిస్సీ, చెప్పడానికి."

"ఆ టేపు జిగురు చేత్తో కళ్ళు తుడుచుకోకండి."

"తుడుచుకోవట్లేదు. చెమట."

"సరే, చెమటే. చొక్కాతో తుడుచుకోండి."

"నువ్వే వెళ్ళు రేపు. ఒక్కదానివే. నేను సెలవు పెట్టను, పార్కింగ్‌లో కూర్చోను. చేరగానే మెసేజ్ పెట్టు, అదొక్కటే అడుగుతా."

"నిజంగానా?"

"నిజంగా. కాకపోతే ఇవాళ సాయంత్రం పక్కింటి అనురాధ గారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి ఎక్కి దిగు. నువ్వు ఒంటరిగా హైవే ఎక్కి ఎరగవు కదా."

"ఎక్కానండీ."

"ఎప్పుడు?"

"పోయిన నెల మీరు లంచ్ బాక్సు మర్చిపోయి వెళ్ళారు. ఇచ్చి వద్దామని ఆ పొద్దున్నే మీ వెనకాల బయల్దేరాను. హైవే ఎక్కితే ఇరవై ఐదు నిమిషాలు పట్టింది."

"ఆరోజు నేను క్యాంటీన్‌లో తిన్నా. నువ్వు రాలేదే."

"వచ్చాను. మీరే ఇంకా రాలేదు. మీరొచ్చాక, ఇంత ఆలస్యమెందుకని అడగబుద్ధి కాక, బాక్సు ఇవ్వకుండానే తిరిగొచ్చేశాను."

"ప్రిస్సీ..."

"అప్పట్నుంచి రోజూ, మీరు బయల్దేరిన అరగంటకి నేను హైవే ఎక్కి, మీకంటే ముందే మీ ఆఫీసుకి చేరి, మీ కారు క్షేమంగా లోపలికి వచ్చేదాకా చూసి, అప్పుడు ఇంటికొస్తున్నాను."