కొస మడవని రీలు

హలో… ఆ, నేనేనండి, శ్రీసత్యని. నర్సాపురం స్టూడియో ఫణీంద్ర గారి భార్యని… బుల్లెమ్మ గారా? చెప్పండి. మీ అమ్మాయి మంజుష నిశ్చితార్థం ఫొటోలు మొగల్తూరు చేరాయా?

…

ఎవరు కనిపిస్తున్నారు?

…

దెయ్యమాండీ? మా స్టూడియోలో ఆ సౌకర్యం లేదే. పాస్‌పోర్టు, గ్రూపు, ఫ్యామిలీ — అంతవరకే.

… అయ్యో, నవ్వట్లేదండి. చెప్పండి. ఏ ఫొటోల్లో? మా ఆయన పెద్ద కెమెరాతో తీసినవి బాగానే… ఓహో. పిల్లల చేతికిచ్చిన ఆ అట్టపెట్టె కెమెరా ఫొటోల్లోనా. ఇరవై ఏడింట్లోనూ? ల్యాబు నుంచి వచ్చిన కవరు విప్పి చూడకుండానే మీకు పంపేశామండి.

… ముందు మీరు కూర్చోండి. గాలీ కాదు, ధూళీ కాదు. ఆ కెమెరా ఒకసారి వాడి పారెయ్యాల్సిందండి. మేం పారెయ్యం. పెంకు విప్పి, కొత్త రీలు పెట్టి, పైన రంగు కాగితం అంటించి మళ్ళీ ఇస్తాం… ఎవరో కాదు, నేనే. రీలుకి వెలుతురు తగలకూడదు కదా, మా అత్తగారి పూజగదికి కిటికీ లేదు. దేవుళ్ళకి దణ్ణం పెట్టి, దీపం ఆర్పి, దుప్పటి కప్పుకుని కూర్చుంటాను. చీకట్లో అంతా తడుముకోవడమే. ఫ్లాష్ దగ్గర వేలు తగిలితే షాకు కొడుతుంది. ఆ కేక విని మా అత్తగారు నాకు పూనకం అనుకుంటారు.

… అదే చెప్తున్నాను. వాడేసిన రీలు పొరపాటున మళ్ళీ పెట్టామనుకోండి, బొమ్మ మీద బొమ్మ పడుతుంది. మీ ఇంట్లోకి ఎవరూ రాలేదు. మీకంటే ముందు ఎవరో అదే రీలు మీద ఫొటోలు తీసుకున్నారు.

… ఆ, తప్పు నాదే. అయిపోయిన రీలుకి కొస మడిచి పెట్టుకుంటాను, చేతికి తెలియాలని. ఆ రోజు మడిచానో లేదో.

… మీ రాజుగారు ఏమంటున్నారు?… వియ్యాలవారి కంట పడేలోపు కాల్చెయ్యాలనా… అవునులెండి, నేనైనా అదే అందును. పెళ్ళికూతురి మొహంలోంచి ఇంకో పిల్ల చూస్తుంటే ఎవరికి బాగుంటుంది.

… పిల్లే కదూ అన్నారు? ఎంత వయసుంటుంది?

… పద్దెనిమిది. ఊఁ.

… భోజనాల బల్ల మీద నీళ్ళేంటండి?… గోదారా. మధ్యలో ఇనప కమ్మీ… లాంచీ కమ్మీలా ఉందా.

బుల్లెమ్మ గారూ, ఒక్కటి చూసి చెప్పండి. ఆ పిల్లకి పన్ను మీద పన్ను ఉందా?

…

నవ్వుతోంది కాబట్టి కనిపిస్తోందంటారు.

…

… ఉండండి, ఉండండి.

రాజుగారి చేతిలో ఉన్నవి నెగిటివులేనా? నీళ్ళపొయ్యి దగ్గరా? ముందు ఆయన్ని ఆపండి. నన్ను తర్వాత తిడుదురుగాని. వెళ్ళండి, నేనుంటాను.

…

ఆపారా?… ఒక ముక్క పొయ్యిలో పడిపోయిందా. నాలుగు ఫొటోలు. సరే… సరేలెండి. మిగతావి మీ బీరువాలో పెట్టి తాళం వెయ్యండి.

… ఎవరంటే, బేబీ అని, మాకు చేపలు తెచ్చే మరిడమ్మ కూతురు. కిందటేడు కాలేజీ వాళ్ళతో పోలవరం నుంచి లాంచీలో పాపికొండలకి వెళ్తూ నా దగ్గరే కెమెరా తీసుకుంది. వచ్చిన వారానికి మెదడువాపు జ్వరం. మూడు రోజులు… ఆ. పోయింది.

కెమెరా మాత్రం నాకు తిరిగొచ్చింది. రీలు కడిగిస్తే ఖాళీ. ఖాళీగా రాకేం చేస్తుంది… కొత్త రీలు కడగడానికి పంపి, బేబీ తీసిన రీలే మళ్ళీ కెమెరాలో పెట్టాను. ఆకుపచ్చ కాగితం అంటించానేమో, ఎవరికీ నచ్చలేదు. మీ పిల్లలు అడిగేదాకా అలాగే ఉంది. పది నెలలు ఆ పిల్ల మా అల్మారాలోనే ఉందన్నమాట.

… మరిడమ్మతో నేనేమన్నానో తెలుసా అండి? మీ అమ్మాయికి కెమెరా తిప్పడం చేతకాలేదమ్మా అన్నాను. బి.ఎస్సీ. చదివాను కదా, తప్పు నాదై ఉంటుందని తోచలేదు.

ఆవిడ ఒకటే మాటంది. "మా బేబీకి చేతకాకపోవడమేంటమ్మా" అని.

ప్రతి శనివారం వస్తుంది. చేపలు బాగుచేసి ఇచ్చి, "ఆ రీలు ఇంకోసారి చూడమ్మా" అంటుంది. నేను కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుని చూస్తాను. ఖాళీ రీలు. పది నెలలుగా చూస్తున్నాను.

ఆవిడ దగ్గరున్నది హాల్‌టికెట్ ఫొటో ఒక్కటే. తీసింది మా ఆయనే. పళ్ళు కనపడకూడదు, నోరు ముయ్యమ్మా అన్నారు.

… చెప్పాలండి. చెప్పకుండా ఎలా.

… ఆ చప్పుడా? అరుగు మీద పొలుసు గీకుతోంది. ఇవాళ శనివారం కదా… ఆ, ఆవిడే.

… భయంగానే ఉంది. మీరు దెయ్యం అన్నప్పుడు మాత్రం భయం వెయ్యలేదు.

బుల్లెమ్మ గారూ, బాగా కనిపించే ఫొటో ఒకటి చేతిలోకి తీసుకోండి… హారతి పళ్ళెం దగ్గరదా. చాలు. దాన్నే చూస్తూ ఉండండి.

మరిడమ్మా… కత్తిపీట అక్కడ పెట్టి లోపలికి రా… చేతులు తడైనా పర్లేదు, రా. బేబీ రీలు దొరికింది. తప్పు నాది మరిడమ్మా. దానికి బాగానే చేతనయింది.

ఇదిగో, చెవి దగ్గర పెట్టుకో… అటు కాదు, ఇలా.

బుల్లెమ్మ గారూ, ఫోను ఆవిడకి ఇస్తున్నాను. నవ్వుతోందని ముందు చెప్పండి.