కొలనుకు ఏ షీటు?

రిటైరైన ఇంజనీరు బుచ్చిబాబు, చెంగిచెర్ల పక్కన కొత్తగా కొన్న ఇంటి పెరట్లో, కొలను కొలతలు రాసుకున్న కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

“సిమెంటు వద్దు మేస్త్రీ, పగుళ్లిస్తుంది. నీళ్లు ఇంకకుండా అడుగున పరవడానికి నాచారంలో నల్ల ప్లాస్టిక్ షీటు చూశాను.”

“షీటెందుకు సార్? నిన్న రెండడుగులు తవ్వినం. సూడుండ్రి, తెల్లారేసరికి నిండింది.”

“వానేమైనా పడిందా?”

“ఎండాకాలంల వానేంది సార్? అడుగుకెల్లి ఊరుతుంది. నా చిన్నప్పుడు గిది కుంట. గీడనే బర్రెలను కడుగుతుంటిమి.”

“అమ్మినవాడు జొన్నచేనన్నాడే! చేనని చెప్పి చెరువు అంటగట్టాడా?”

ముప్పై ఏళ్ల ఉద్యోగాన్ని కరిగించి కొన్న ఇంటివైపు చూడటానికి బుచ్చిబాబుకు ధైర్యం చాల్లేదు.

“గుంట పూడ్చెయ్. మా ఆవిడకు మాత్రం చెప్పకు.”

“పూడుస్త సార్. కానీ పూజగదిల బండలు ఎందుకు తడిగున్నయని అమ్మ నన్ను పొద్దుగాలనే అడిగింది.”