గోడ మీద జీతం

"ఆ కాలేజీవాళ్ళు దొంగలు నాన్నా. చదువు పేరు చెప్పి పిల్లల మెడకి గుదిబండలు కడుతున్నారు. తాడు పేనిచ్చేది ఈ బ్యాంకువాళ్ళు."

బ్యాంకులో అప్పుల కౌంటరు ముందు బెంచీ మీద బోర్డులు రాసే పెయింటరు, అతని పెద్దకూతురు కూర్చున్నారు. వాళ్ళ టోకెను నలభై ఒకటి. పిలుస్తున్నది ముప్ఫై ఏడు.

"మెల్లగా. అప్పిచ్చేవాడి గుమ్మంలో కూర్చుని వాణ్ణే తిడితే ఎలా తల్లీ?"

"తిట్టకుండా ఏం చెయ్యను? నా చదువుకి ఎనిమిది లక్షలు అప్పు చేశావు. రెండేళ్ళు కట్టినా ఏడున్నర ఉంది. ఇప్పుడు చెల్లికి పది."

"ఫీజులు పెరిగాయి. జీతాలూ పెరుగుతాయి."

"ఎవరు చెప్పారు?"

"నువ్వే. ఇన్ఫర్మేషన్ సైన్స్ చదివావు, చేరీ చేరగానే నలభై రెండు వేలు. నీ చెల్లెలు నీకేం తీసిపోయింది? అన్నట్టు జీతం చీటీ తెచ్చావా? అప్పుల ఆఫీసరు హామీ సంతకం నీది కూడా కావాలన్నాడు."

"తెచ్చాను."

"ఏదీ?"

"సంచీలో ఉంది. నంబరు రానీ."

"చూడనీ. కళ్ళారా చూసుకోవద్దూ?"

"అప్పులవాడు చూస్తాడుగా, అప్పుడు చూద్దువు. చెల్లిని లెక్కల డిగ్రీలో వెయ్యచ్చుగా? సర్కారు కాలేజీ. ఫీజే ఉండదు."

"దానికి నీ చదువే కావాలి. నీ పాత పుస్తకాలకి అప్పుడే అట్టలేసుకుంది. నువ్వేమో అడ్డుపుల్ల వేస్తున్నావు. అక్కవా, సవతివా?"

"ఏమైనా అనుకో."

"చెప్పు కుట్టించావా మళ్ళీ?"

"ఇది కలిసొచ్చిన చెప్పు."

"నలభై రెండు వేలొచ్చేదానికి చెప్పు కలిసిరావడమేంటి? ఏదీ, ఇటు తిరుగు. నా మొహం చూసి చెప్పు. ఎంతొస్తుంది?"

"ముప్ఫై ఎనిమిది పిలిచారు."

"నేనడిగింది అది కాదు."

"పదహారు."

"పదహారేంటి?"

"వేలు. బీమా ఆఫీసులో పాత దరఖాస్తులు చూసి పేర్లూ పుట్టినరోజులూ కంప్యూటర్లోకి కొడతాను. అదీ నా సైన్సు."

"నలభై రెండన్నావు."

"మొదటిరోజు ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ అడిగింది. వెనక నువ్వు నిలబడి ఊపిరి బిగబట్టావు, నాకు వినబడింది. నోటికొచ్చిన అంకె చెప్పేశాను. మర్నాటికి వీధంతా తెలిసింది."

"ఉండు, ఉండు. పదహారులో అప్పు వాయిదా ఎంత పోతుంది?"

"తొమ్మిది వేల నాలుగొందలు. గది అద్దె నాలుగున్నర. బస్సు తొమ్మిదొందలు."

"మిగిలేది పన్నెండొందలు. నెలంతా ఏం తింటున్నావే?"

"ఆఫీసులో టీ ఊరికే ఇస్తారు నాన్నా."

"నవ్వకు."

"నవ్వట్లేదు."

"సరే. నీ రాత బాగోలేదు. అందరిదీ అంతేనా? కాలేజీ గోడ మీద ఏం రాసుంది? మా ఇన్ఫర్మేషన్ సైన్స్ విద్యార్థుల సగటు ప్రారంభ జీతం నెలకి నలభై రెండు వేలు. అడుగెత్తు అక్షరాలు. నా చేత్తో నేనే రాశాను. మా పెద్దదానికొచ్చినంతే అందరికీ వస్తోందని చెప్పుకుంటూ రాశాను."

"ఆ అంకె ఎక్కడిదని అడిగావా?"

"నాకెందుకు? వాళ్ళు కాగితం మీద ఇస్తారు, నేను గోడకెక్కిస్తాను."

"నేనడిగాను. నిన్న కాలేజీ గుమాస్తా దగ్గరికెళ్ళి కూర్చున్నాను. నాతో చదివిన నూట ఇరవై మందికి ఫారాలు పంపారట, జీతమెంతో రాయమని. ఉద్యోగం లేనివాళ్ళు సిగ్గుపడి పంపలేదు. సెల్లు కొట్లో కూర్చునేవాడు పంపలేదు. పెట్టెలు మోసేవాడు పంపలేదు."

"పంపినవాళ్ళు ఎంతమంది మరి?"

"ఒక్కరు."

"ఒక్కరికి సగటేంటి?"

"నేనూ అదే అన్నాను. ఒకదాన్ని ఒకటితో భాగిస్తే అంతేగదమ్మా అన్నాడు."

"ఎవరా ఒక్కరు?"

"ఆమధ్య ఒక ఆదివారం ఇంట్లో భోంచేస్తున్నాం. కాలేజీ నుంచి పోస్టులో వచ్చిన ఫారం పక్కనే ఉంది. నా చేతికి అన్నం అంటుకుంది, నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. నేను చెప్పాను, నువ్వు నింపావు."

"అయితే ఆ ఒక్కరూ నువ్వే."

"నాన్నా."

"ఆ అంకెకి ఎరుపంచు కొట్టాను నేను. దూరానికి కనబడాలని."

"తప్పు నాది నాన్నా. నువ్వు రాశావంతే."

"నీ అబద్ధం మన నాలుగు గోడల్లో ఉండేది. దాన్ని వీధి గోడకెక్కించింది వాళ్ళు. కూలి తీసుకుని నేను. నిన్న ఆ గోడ కింద ఒక తాపీమేస్త్రీ నిలబడి, కొడుక్కి వేలు పెట్టి చూపిస్తున్నాడు. చూసి మురిసిపోయానే."

"నలభై ఒకటి. నలభై ఒకటి ఎవరండీ?" కౌంటరులోంచి కేకేశారు.

"మన నంబరు. చెల్లికి ఏం చెబుదాం? ఏడుస్తుంది."

"ఏడవనీ. ఏడుపు పది రోజులు, వాయిదా పదేళ్ళు. ఆ టోకెను చింపెయ్. జీతం చీటీ మాత్రం బయటికి తియ్, చేతిలో పట్టుకో. కాలేజీలో చేరికలకి ఇవాళే ఆఖరు, సాయంత్రం దాకా తండ్రులు వస్తూనే ఉంటారు. ఇంట్లో సగం డబ్బా నల్లరంగుంది. పద, నిచ్చెన నువ్వు పట్టుకో. ముందు ఆ నలభై రెండు కొట్టెయ్యాలి, దాని కింద పదహారు రాయాలి. అడుగెత్తున రాయాలి."