తొలి బంతి గంగమ్మది

ఎల్లాజీ గోలు కాడ నిలబడీవోడు. అదేనర్రా, మన పేటోళ్ళు జిల్లా ఫుట్‌బాల్ లీగులో ఆడిన ఏడాది సంగతి. సేపల ఏట నిషేధం రోజులనుకో, బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి, మగోళ్ళ సేతులకి పని నేదు. పట్నంలో లీగు పెడతన్నారంటే మనోళ్ళూ పేర్లిచ్చీసినారు. ఎల్లాజీ బావ సింహాద్రి కేప్టెను. ఎల్లాజీ సేతులు పెద్దవి, బతికున్న సేపనైనా జారనివ్వడు, అందుకని గోలు కాడ నిలబెట్టినారు. ఆ సోటంటే ఆడికి పేణం. ఎనకాల వల, ముందర పచ్చగడ్డి, సంద్రం మీంచి గాలి. "బంతి నాకాసి వొచ్చినప్పుడు సప్పుడంతా ఆగిపోద్దే అప్పా, నీళ్ళ కింద నుంచి తేలినట్టు నెమ్మదిగా వొస్తాది" అని అక్కనైన నాతో సెప్పీవోడు. సెప్తంటే కళ్ళు ఎక్కడో ఉండీవి ఆడికి.

అయితే ఏమైందంటే, మొదటి ఆటలో మొదటి బంతి ఆడి సేతుల్లో పడ్డాది. గుండెలకి అదుముకున్నాడు. అదుముకుని ఏటి సేసినాడనుకున్నారు? కళ్ళు మూసుకుని దండం ఎట్టుకుని, మెల్లగా సేతుల్లోంచి ముందుకి ఒగ్గీసినాడు. మరి మన పేటలో తొలి సేప గంగమ్మదే కదా, బతికుండగానే సంద్రంలోకి ఒగ్గీయాల. సేతులకి అదే అలవాటు, పాపం. ఎదురుగుండా ఉన్నోడు తన్నీసినాడు, గోలైపోనాది. సింహాద్రి నెత్తి కొట్టుకున్నాడు. కానీ సూడండి, ఆ తరవాత ఒక్క బంతి ఎల్లాజీని దాటనేదంట. రెండో ఆటకి బావ ఒట్టేయించుకున్నాడు, ఒగ్గొద్దురా అని. ఒగ్గనేదు. ఇంక సూడు, బంతులు ఆడి సేతుల్లోంచి జారిపోడమే జారిపోడం, గోలు మీద గోలు, ఎన్నో నాను సెప్పను, సిగ్గు. అప్పుడు ఎల్లాజీ అన్నాడంట, బావా, తొలిది మనది కాదు, అది ఇచ్చీసి మిగిలినవి అడుగుదాం అని. అలగే సాగింది. ఆటాటకీ ఒక గోలు ముందే ఇచ్చీడం, ఆనక తిరిగి కొట్టలేక సావడం. కొన్ని గెలిసినారు, సేనా ఓడినారు. పట్నపోళ్ళకి సంగతి తెలిసిపోయి, ఆడి ముందర ఒకడు సేతులు కట్టుకుని కాసుకునుండీవోడు, ప్రసాదానికొచ్చినట్టు.

ఆఖరాట రైలు కాలనీవోళ్ళ మీద. ఓడితే మనోళ్ళు అట్టడుగు, మరుసటేడు లీగులోకి రానివ్వరు. సమానంగా ముగిసినా సాలు. కాలనీవోళ్ళకేమో గెలిస్తేనే కప్పు. "ఈ ఒక్క రోజు ఒగ్గకు. ఒగ్గినావా, ఆ గోలు కాడ మరి నిలబడవు" అనీసినాడు సింహాద్రి. ఎల్లాజీ తల దించుకుని గోలు కాడికి నడిసినాడు. ఆ పొద్దు మబ్బు పట్టి, గాలి ఆగిపోయి, మైదానమంతా నీళ్ళడుగున ఉన్నట్టుందంట. బంతి వొచ్చింది, పట్టినాడు. గుండె కింద అది కొట్టుకుంటన్నట్టే ఉందంట ఆడికి. బావ మొహం సూసినాడు, ఎనకాల వల సూసుకున్నాడు, ఏడుపొచ్చీసింది. ఏడుస్తానే ఒగ్గీసినాడు.

అక్కడ కాసుకునున్నోడు దానయ్య, కాలనీ జట్టులో పెద్ద ఆటగాడు. రైల్లో ఉద్యోగమొచ్చి కాలనీకెల్లినాడు గానీ పుట్టింది ఈ ఒడ్డునే, మన పైపేటలో. తన్నరా, తన్నరా అని ఆళ్ళోళ్ళు అరుస్తన్నారు. దానయ్య కాలెత్తినాడు. ఎల్లాజీ మొహం సూసినాడు. సూసి, ఎత్తిన కాలు దించీసినాడు. గంగమ్మకి ఒగ్గినదాన్ని మళ్ళీ పట్టుకునీవోడు ఏ పేటలో ఉంటాడర్రా? దండం ఎట్టి పక్కకి జరిగిపోనాడు. బంతి దాని మానాన అది దొర్లుకుంటా, దొర్లుకుంటా, పక్క గీత దాటి ఎల్లిపోనాది. అంతమందీ దాన్నే సూస్తా ఉండిపోనారంట. మరింక ఆ రోజు ఎవులికీ గోలు రానేదు.

మనోళ్ళు లీగులో ఉండిపోనారు, ఎల్లాజీ గోలు కాడే ఉండిపోనాడు. దానయ్యని మాత్రం కాలనీవోళ్ళు తిట్టి తీసీసినారు. సింహాద్రి ఎల్లి మా జట్టులోకి రా అని అడిగితే, "మీతో ఆడితే ఏడాదంతా ఒక గోలు ఎనకబడే ఉండాల, నావల్ల కాదు బావా" అని నవ్వినాడంట. నవ్వి, మరుసటేడు వొచ్చీసినాడు. కప్పంటారా? అదెవులో మూడో జట్టోళ్ళు పట్టుకుపోనారు. ఆళ్ళ పేరేటో ఈ ఒడ్డున ఎవుల్ని అడిగినా తెల్దు, నాకూ తెల్దు, తెలుసుకోవాలనీ నేదు.