గద్ద కాలు పట్టిన మేక

ఆ రోజు రామస్వామి చెయ్యాల్సిన పని ఒక్కటే. తన దగ్గరున్న మేకను కాస్త తక్కువ చేసి చెప్పాలి. ఇంకెవరికైనా అది పెద్ద పని కాదు. రామస్వామి మాత్రం తన కొట్టంలో ఉన్న దోమను కూడా తక్కువ చేసి చెప్పిన మనిషి కాదు.

ఉగాది వెళ్లి వారం కాలేదు. నాచారంలో తిరుపతి అనే అతని చాయ్ బండి మీద వేపపూత రాలుతోంది, గ్లాసుల్లో పడుతోంది, ఎవరూ తీసెయ్యడం లేదు. రోడ్డుకు అవతల గోదాం గోడ పక్కనే రామస్వామి కొట్టం. మూడు బర్రెలు, గంప కింద కోళ్లు, ఒక మేక, భార్యాభర్తలు. మా ఇంటికి పాలు పోసేది ఆయనే. నేను కాకినాడ నుంచి మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీ ఆఫీసుకు వచ్చి ఏడాది కాలేదు. పశువుల్ని నేను చూసింది రైలు కిటికీలోంచే. అందుకని ఆయన ఏ జంతువు మాట ఎత్తినా నాకు వింతే, ఇంకో ప్రశ్న అడగాలనిపిస్తుంది.

ఆ మేక అసలు పక్క వీధిలో ఉండే సత్తమ్మది. రెండేళ్ల కిందట ఆయనకు పాలుకిచ్చింది. అంటే పెంచేది రామస్వామి, పుట్టిన పిల్లలు చెరి సగం, రెండు ఈతలయ్యాక తల్లి మేక తిరిగి సత్తమ్మకు. రెండో ఈత కూడా మాఘంలో అయిపోయింది. మనవరాలికి బర్రెపాలు అరగడం లేదు, మేకపాలు పట్టి చూద్దామని సత్తమ్మ తాడు పట్టుకుని వచ్చి చాయ్ బండి ముందు బల్ల మీద కూర్చుంది. రామస్వామికి మేకను వదలడం ఇష్టం లేదు. "దానికి పాలు లేవని చెప్పు అన్నా, ఆమెనే ఇడిసిపెట్టి పోతది" అని తిరుపతి ముందే చెవిలో ఊదాడు. రామస్వామి బుద్ధిగా తలూపాడు.

"ఒట్టి మామూలు మేక, అక్కా" అని మొదలుపెట్టాడు. "పాలా? గ్లాసు నిండితే గొప్ప. పొద్దుగాల లేస్తది, రాలిన ఏపపువ్వు ఏరుకొని తింటది, బర్రెల కుడితిల మూతి పెడ్తది, మా ఇంటామెతోని తిట్లు తింటది, పంటది. గంతే. దాని గురించి చెప్పనీకె ఏమున్నది?"

"నిజంగనే పాలు లేవా?" అంది సత్తమ్మ దిగులుగా. చేతిలో తాడు వదులైంది.

అక్కడితో అయిపోయేదే. నేనే ఊరుకోలేకపోయాను. "పొద్దున్నే అంటే ఎన్నింటికి లేస్తుందండీ?" అన్నాను. తిరుపతి నన్ను కొరకొర చూశాడు.

రామస్వామి ఆపుకుందామనే చూశాడు పాపం.

"సార్ అడిగిండు గాబట్టి చెప్తున్న, లేకుంటే చెప్పేటోన్ని గాదు. మల్లాపూర్ల కంపెనీ సైరన్ కూస్తది సూడున్రి, దానికన్న జర ముందు లేస్తది. లేసి ఊకుంటదా, ఒక్కొక్క బర్రెను కొమ్ముతోని గెలికి లేపుతది, కోళ్ల గంప మూతితోని ఎత్తుతది, నా మంచం కాడికొచ్చి దుప్పటి గుంజుతది. మా ఇంటామె లేసేటాల్లకు వాకిలి సాఫ్!"

"ఊడ్సింది గూడ మేకనేనా?" అన్నాడు తిరుపతి.

"ఊడ్సలే, రాలిన ఆకంతా తిన్నది. వాకిలి సాఫయిందా లేదా? ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? సైరన్ కొట్టే వాచ్‌మన్ లేడూ, దుర్గేష్, ఆయన గడియారం సూసుడు బంద్ వెట్టిండు. మా మేక అరిస్తె సైరన్ కొడ్తడు. మొన్న శివరాత్రికి దానికి జర పడిశం పట్టి అరవలే. సైరన్ కూయలే. మల్లాపూర్ మల్లాపూరంతా పండుకున్నది! బస్సులు లాలాపేట్ దాంక ఖాళీగ పోయి ఖాళీగ వచ్చినయ్."

"శివరాత్రికి మాకు సెలవు కదండీ" అన్నాను.

"సెలవు ఎందుకిచ్చిన్రనుకున్నవ్ సార్?"

తిరుపతి గట్టిగా దగ్గి, "పాపం, పాలే లేవు గదా అన్నా దానికి" అని అందించాడు.

"ఆ, పాలు లేవు" అన్నాడు రామస్వామి వెంటనే. గట్టిగా ఒక గుక్క చాయ్ తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. "అంటే... ఉంటె గింటె పూటకో చెంబు. చెంబంటె మీ ఇండ్లల్ల చెంబు గాదు, మా అమ్మమ్మ పెండ్లినాటి చెంబు, ఖాళీదే ఇద్దరు మోయాలె."

సత్తమ్మ ముఖం వెలిగిపోయింది. తాడు మళ్లీ చేతికి చుట్టుకుంది. తిరుపతి నెత్తి కొట్టుకుని పొయ్యి వైపు తిరిగాడు. "మాటలు కోటలు దాటుతయ్ అంటే ఏందో అనుకున్న" అని గొణిగాడు.

నాకు మాత్రం ఇంకోటి తెలుసుకోవాలనిపించింది. కొట్టం ముందు కోడిపిల్లలు తిరుగుతున్నాయి. "ఇన్ని పిల్లలు బయట తిరుగుతుంటే గద్దలు ఎత్తుకుపోవా?" అన్నాను.

"గద్ద!" రామస్వామి లేచి నిలబడ్డాడు. "మంచిగ అడిగినవ్ సార్. జవహర్‌నగర్ చెత్తగుట్ట మీద తిరిగే గద్ద ఒకటుండె. ముసలి గద్ద, రెక్కలిప్పితే మా కొట్టమంతకు నీడ. మాఘంల ఒకనాడు పొద్దుగాల వచ్చి ఎర్ర కోడిపిల్లను తన్నుకొని లేసింది. తల్లికోడి మొత్తుకుంటున్నది, నేను కట్టె కోసం ఉర్కుతున్న, ఇంతల మేక ఒక్క దుంకు దుంకి గద్ద కాలు పండ్లతోని పట్టింది. గద్ద కోడిపిల్లను ఇడుస్తదా? ఇడువది. మేక గద్దను ఇడుస్తదా? దాని జిద్దు మీకెర్కలేదు. గద్ద లేసింది! గద్దకు మేక, మేక మెడకు తాడు, తాడుకు గుంజ, గుంజకు నేను!"

"నువ్వు గూడ లేసినవా?" తిరుపతి కోపం మరిచిపోయి ఇటు తిరిగాడు.

"ఏపచెట్టంత ఎత్తు లేసిన. కసం, ఒట్టు! మా ఇంటామె కాలు వట్టి కిందికి గుంజింది, 'నువ్వు గిట్ల పోతే పాలెవరు పోస్తరు' అని. ఏం జెయ్యాలె, స్కూటర్ తీసి కింద రోడ్డు మీద నేను, పైన మొగుల్ల మేక. చెరువు దాటినం, రేకుల షెడ్లు దాటినం, బంగ్లాల మీద బట్టలు ఆరేసే ఆడోళ్లంతా 'రామస్వామి మేక, రామస్వామి మేక' అని సూపిచ్చుకుంటున్నరు. ఉప్పల్ కాడ మెట్రో బండి ఆగి, ముందు నువ్వు పో తల్లీ అని దారిచ్చింది. గప్పుడది నిండు సూడిది, ఎర్కనా? గాల్లనే నొప్పులు మొదలైనయ్!"

"అయ్యో! అప్పుడేం చేశారు?" నా చాయ్ ఎప్పుడో చల్లారిపోయింది.

"స్కూటర్ ఆపి లుంగి ఇప్పి పట్టిన. లోపట చెడ్డి ఉన్నది, ఫికర్ లేదు. మొదటి పిల్ల దబ్బున లుంగీల పడ్డది. అది నాది."

"రెండోది నాది గదా" అంది సత్తమ్మ నెమ్మదిగా. "అది యాడ పడ్డది?"

"మీ ఇంటి ముంగటనే, అక్కా! పాలు పంచుడు గూడ దానికెర్క. పైకెల్లి సూసి ఎవల పిల్లను వాళ్ల వాకిట్ల ఏసింది!"

బల్ల మీద వాళ్లంతా చేతులు చరిచారు. మేక, గద్ద ఇంకా ఆకాశంలోనే ఉన్నాయి. ఎలా దిగాయో అడగబోయాను. సత్తమ్మ లేచింది.

"తమ్మీ, గా మేక నాది గాదు" అంది.

అందరం ఆమె వైపు తిరిగాం.

"నేను నీకిచ్చింది పిరికి మేక. ఆటో హారన్ కొట్టినా నా కొంగు సాటుకు దూరేది. సైరన్ కొట్టిచ్చేది, ఇద్దరు మోసే చెంబెడు పాలిచ్చేది, గద్దను వట్టి మొగులెక్కింది, గది నీదే. నువ్వే ఉంచుకో, నాకొద్దు. అగో, నీ పంపు కాడ చెప్పు నములుకుంట ఒకటి నిలబడ్డది సూడు, మామూలు మేక. గది నాది. దాన్ని తోలుకపోత."

తిరుపతి నవ్వలేక పొయ్యి దగ్గర కూలబడ్డాడు. రామస్వామి పంపు దగ్గర నిలబడ్డ మేక వైపు తిరిగాడు.

"మామూలు మేకనే, అక్కా" అన్నాడు చిన్నగా. "చీకటితోని లేసి నేను బర్రెకు పాలు పిండేటప్పుడు వచ్చి నా ఈపుకు ఆనుకొని నిలబడ్తది. గంతే. ఇంకేం జెయ్యదు. అది లేకుంటే నాకు తోచదక్కా."

నాకు జాలేసింది. నవ్వుతున్న వాళ్లు కూడా ఆపేశారు.

"గీ మాట ముందుగాల్నే చెప్పొచ్చు గదరా తమ్మీ" అంది సత్తమ్మ. "గింత దానికి మేకను మొగులెక్కియ్యాల్నా? పసిదానికి పాలు గావాలె, ఇడిసిపెట్టి పోలేను. నాకు చేతులు గుంజుతున్నయ్, పిండనీకె నువ్వే రా, రెండు పూటలు." తాడు ఆయన చేతిలో పెట్టింది.

రామస్వామి వెళ్లి మేక మెడకు తనే తాడు కట్టాడు. నోట్లోంచి చెప్పు లాగేశాడు. ముందు సత్తమ్మ, వెనక మేక, దాని పక్కన ఆయన, ముగ్గురూ రోడ్డు మీదికి వచ్చారు.

నాకు ఒక్కటి మాత్రం తేలలేదు. "రామస్వామి గారూ, మరి ఆ గద్ద ఏమైందండీ?" అని కేకేశాను.

ఆయన వెనక్కి తిరగలేదు.

"గద్దలు యాడన్న మేకల్ని మోస్తయా, సార్?" అన్నాడు.